మడవని మోకాలు

మోకాలు మడవొద్దన్నారు. నా భార్య మడవలేదు. అయినా చెప్పిన మాట వినక ప్రాణం మీదికి తెచ్చుకుందని పెద్దలు తేల్చారు. అది అబద్ధం. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

నా పేరు తాతారావు. గోదావరి కాలవ మీద లస్కరుగా చేశాను. తూము తలుపులు ఎత్తడం, దించడం, ఏ చేనుకి ఎప్పుడు నీరు వెళ్ళాలో చూడడం నా పని. ఊరి బడిలో నేర్చుకున్నదే నా చదువు. నా భార్య మావుళ్ళమ్మ ఊడ్పుల ముఠాకి మేస్త్రి. నీళ్ళు పెట్టి బురదగా దున్ని దమ్ము చేసిన చేలో ఆడవాళ్ళు వరసగా నిలబడి, నడుం వంచి, వెనక్కి వెనక్కి నడుస్తూ వరినారు గుచ్చుకుంటూ పోతారు. అదే ఊడ్పు. వరసకి కుడికొసన మేస్త్రి ఉంటుంది. ఆమె కేక వేస్తే వరస కదులుతుంది. ఆమె నడుం ఎత్తేదాకా ఎవరూ ఎత్తరు. అది ముఠా కట్టుబాటు. మావుళ్ళమ్మ కేక కాలవకి అవతలి గట్టున ఉన్న నాకు వినిపించేది. ఆ కేకని బట్టే ఏ చేను ఎంతవరకు అయిందో తెలుసుకుని నీళ్ళు తిప్పేవాణ్ణి.

ఆమె మోకాళ్ళు అరిగాయి. అరుగు దిగాలంటే ద్వారబంధం పట్టుకునేది. ‘లోపల ఇసక పోసినట్టుందయ్యా’ అనేది. ఆసుపత్రిలో ఫొటో తీసి గుజ్జు అరిగిందన్నారు, బరువులెత్తొద్దన్నారు. ‘నేనెక్కడెత్తుతున్నానండి, బురదే నన్నెత్తుకుంటంది’ అని చెప్పి వచ్చేసింది.

ఆ ఏడు ఆరుద్ర కార్తెకు కాస్త ముందు మా తుఫాను షెల్టర్‌లో మోకాళ్ళ శిబిరం పెట్టారు. పట్నంలోని ఒక పరిశోధనశాల నుంచి డాక్టర్ నిరుపమ వచ్చింది. చిన్న వయసు మనిషి. చెప్పులు గుమ్మం దగ్గర విప్పి లోపలికి అడుగుపెట్టింది. అది చూసి ముఠా అంతా మెత్తబడింది. చెప్పులు విప్పితే చాలు, మావాళ్ళు ఒళ్ళు అప్పగిస్తారు.

బల్ల మీద స్టీలు పళ్ళెంలో మేక మోకాలి కీలు ఉంది. ఎముక కొసన తెల్లటి పొర, తాటిముంజెలా నున్నగా ఉంది.

“మీరు గుజ్జు అనేది ఇదేనమ్మా” అంది డాక్టరు. సూది తీసుకుని దాని మీద ఒక గీత గీసింది. ఆ గీత కంటికి ఆనలేదు. సీసాలోంచి చుక్క మందు వేసి, నీళ్ళతో కడిగేసింది. కిటికీలు మూయించి చిన్న దీపం దానివైపు తిప్పింది. దీపం వెలిగినట్టే లేదు. అది కంటికి కనిపించని వెలుతురట. పళ్ళెం, ఎముక, తెల్లపొర అన్నీ చీకట్లో కలిసిపోయాయి. సూది గీసిన గీత ఒక్కటే ఆకుపచ్చగా మెరిసింది, దీపం ఆర్పాక కూడా.

నా మరదలు వరాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“మందు తెగిన పోగుల్నే పట్టుకుంటుంది. బాగున్నచోట నిలవదు. ఆ మెరుపుని ఈ పక్కనున్న యంత్రం రంగురంగులుగా విడగొడుతుంది. ఏ రంగు ఎంత ఉందో చూస్తే, గుజ్జు ఎక్కడ తెగుతోందో, ఎంత మిగిలిందో తెలిసిపోతుంది. కోత లేదు, కుట్టు లేదు” అంది డాక్టరు.

“ఈ మేక నెప్పని చెప్పిందేటండి మీతోటి?” అంది మావుళ్ళమ్మ.

అందరూ నవ్వారు. డాక్టరు కూడా నవ్వింది. “మీరు నొప్పి అని చెప్పేసరికే ఆలస్యమైపోతుందమ్మా. చెప్పకముందే తెలిస్తే ఆపొచ్చు. మోకాలు మార్చుకునే స్తోమత ఎంతమందికుంది మీలో?”

అందరూ ఆ మాటకే పడిపోయారు.

“ఆ మందు లోపలే ఉండిపోద్దాండి?” అని వరాలు అడిగింది.

“కొద్దివారాల్లో పోతుంది. ముందు నేనే వేయించుకున్నాను, చూడండి.” తన మోకాలి మీదికి దీపం తిప్పి చూపించింది. నల్లగా ఉంది. ఏమీ మెరవలేదు. ఎందుకు మెరుస్తుంది? కుర్చీలో పెరిగిన మోకాలు.

మందు పోలేదు. గుజ్జులో నెత్తురు పారదు. నెత్తురు పారని చోటు నుంచి దాన్ని ఎవరు కడిగి పట్టుకుపోతారు? ఆ సంగతి ఆమె పుస్తకాల్లో ఉంది. ఆమెకు గుర్తొచ్చింది మాత్రం చాలా ఆలస్యంగా.

మోకాళ్ళలోకి ఆ మందు సూదులు వేయడం అయ్యాక అందరినీ నిలబెట్టి జాగ్రత్తలు చెప్పింది. “మందు మోకాలి సంచిలోనే ఉండాలి, బయటికి ఊరకూడదు. అందుకని వారం రోజులు మోకాలు మడవొద్దు. కింద కూర్చోవద్దు. మెట్లు ఎక్కొద్దు.”

ముఠావాళ్ళు మొహాలు చూసుకున్నారు. నారు ముదురుతోంది. దమ్ములు అయిపోయాయి.

“నడుం వంగొచ్చాండి?” అని మావుళ్ళమ్మ అడిగింది.

“నడుమా? వంగొచ్చు. మోకాలు మాత్రం మడవకండి.”

“నడవొచ్చాండి మరి?”

“నెమ్మదిగా నడవండి. మంచిదే.”

నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. ఈ మాటలు నా చెవులతో విన్నాను. మావుళ్ళమ్మ వెనక్కి తిరిగి అందరివైపూ చూసి నవ్వింది. “ఇంకేటే మరి! ఊడ్పులో మోకాలు మడిసే ఆడదెవత్తే?”

ఊడ్చే మనిషిని ఎప్పుడైనా చూడండి. కాళ్ళు కర్రల్లా ఉంటాయి. వంగేది నడుం. మోకాలు మడిస్తే చీర బురదలో పడుతుంది, వరస చెదురుతుంది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా మోకాలు మడవకుండా చేసే పని లోకంలో ఏదైనా ఉందంటే అదే. డాక్టరు రోజూ అన్నం తింటుంది. అది ఎలా పండుతుందో ఒక్కసారీ చూడలేదు.

మర్నాడే ముఠా చేలో దిగింది.

ట్రాక్టరు తొట్టిలో కూర్చోకుండా నిలబడి వెళ్ళారు. గట్టు దిగాలంటే మోకాలు మడవాలి కదా, అందుకని ఒకరినొకరు చంకల కింద పట్టుకుని, కాళ్ళు బిగదీసి, బొమ్మల్లా కిందికి దించుకున్నారు. “ఒలే, పెళ్ళికూతుర్ని దింపినట్టు దింపండే” అని వరాలు అరుస్తోంది. చేను కామందు బుచ్చిబాబు గారు గొడుగు కింద నుంచి చూసి, “ఏటర్రా, అందరికీ కొయ్యకాళ్ళు పెట్టారేటి?” అన్నాడు.

“డాక్టరమ్మ ఆర్డరండీ. మడిసినోళ్ళకి ఫైను” అంది మావుళ్ళమ్మ.

వారం రోజులూ అలాగే చేశారు. అన్నం నిలబడి తిన్నారు. ఇంటికొచ్చి మంచం మీద కాళ్ళు చాపి పడుకున్నారు. మావుళ్ళమ్మ గడప దాటడానికి కూడా పక్కకి తిరిగి, కాలు చాపి దాటేది. ఇంతకంటే మాట వినడం ఎలాగో చెప్పమనండి ఎవరినైనా.

బురదలో వేసిన కాలు పీకితేగాని రాదు. పీకినప్పుడల్లా కీలు చేతిపంపులా కొడుతుంది. ముడుచుకుని కూర్చుంటే ఊరేదానికంటే ఎక్కువ మందు ఊరిపోయింది. ఈ మాట నేను అంటున్నది కాదు, తర్వాత డాక్టరే చెప్పింది.

నేను మొదట చూసింది ఒక మబ్బు సాయంత్రం. పడమట నల్లగా కమ్ముకొచ్చి, పొద్దు ఉండగానే చీకటి పడిపోయింది. తూము దగ్గర ఇనపచక్రం తిప్పుతున్నాను. కాలవ అవతల, చేలో, బురదకి జానెడెత్తున, ఆకుపచ్చ మంటలు వరసగా వెనక్కి వెనక్కి పోతున్నాయి. మా చిన్నప్పుడు పెద్దవాళ్ళు కొరివిదయ్యం గురించి చెప్పేవారు. కొరివి పట్టుకుని చేలగట్ల మీద తిరుగుతుందని, పిలిస్తే పలకొద్దని చెప్పేవారు. నేను నమ్మేవాణ్ణి కాదు. ఆ రోజు నమ్మాను. ఒక్క దయ్యం కాదు. వరస.

ఆ మంటల కుడికొస నుంచి కేక వినిపించింది. “కదలండే!”

నా భార్య గొంతు.

పరిగెత్తుకుంటూ వెళ్ళాను. చీరలు ఎగ్గట్టిన కాళ్ళు, మోకాళ్ళ చర్మం కింద ఆకుపచ్చ గీతలు. కళ్ళు నారు గుచ్చేచోటే ఉంటాయి కదా, వాళ్ళింకా చూసుకోలేదు. నన్ను చూసి మావుళ్ళమ్మ నడుం ఎత్తింది. వరస అంతా ఎత్తింది. అప్పుడు చూశారు. ఎవరూ అరవలేదు. చేతిలో నారు అలాగే పట్టుకుని ఒకరి మోకాళ్ళు ఒకరు చూసుకున్నారు. అందరిలోకీ మావుళ్ళమ్మవి ఎక్కువగా వెలుగుతున్నాయి. అందరికంటే ఎక్కువ ఏళ్ళు బురదలో నిలబడ్డ మోకాళ్ళు అవే.

“రేడియం బొమ్మల్లాగున్నామే” అంది వరాలు. ఎవరూ నవ్వలేదు.

ఆ రోజునుంచి ఊరు మారిపోయింది. పొద్దు వాలితే ముఠా ఆడవాళ్ళ ఇళ్ళవైపు ఎవరూ వచ్చేవారు కాదు. కొందరు ముసలివాళ్ళు గుమ్మాలకి వేపమండలు కట్టారు. మబ్బు పట్టిన రోజు కామందులు గట్టు మీద నిలబడి ఎవరి మోకాలు ఎంత వెలుగుతోందో చూసి, తక్కువ వెలిగేవాళ్ళనే రమ్మనేవారు. మావుళ్ళమ్మని బుచ్చిబాబు గారు మొహం మీదే అడిగాడు. “నీకెందుకే ఇంకా? ట్యూబులైటులా ఉన్నావు. ఇంట్లో కూర్చో, కరెంటు బిల్లు కలిసొస్తది.”

ఆమె వరస కుడికొసకి వెళ్ళి నిలబడి కేక వేసింది. ముఠా కదిలింది. ఆయన నోరు మూసుకున్నాడు. ఆ కేక ఉన్నంతవరకు ఆమె స్థానం ఎవరూ తీయలేరని ఆమెకు తెలుసు.

కాని వెలుగు మోకాళ్ళ దగ్గర ఆగలేదు. తలుపులు వేసి లాంతరు తగ్గించి చూశాను. చీలమండల్లో ఉంది. తుంటిలో ఉంది. నొప్పి కూడా అది ఎటు పోతే అటు పోతోంది. ఒకరాత్రి స్నానం చేసి వస్తూ ఆమె నావైపు వీపు తిప్పి అడిగింది. “నడుం కాడ చూడయ్యా. ఏదో పాకుతున్నట్టుంది.”

వెన్నుపూసలు ఒక్కొక్కటే, కింద నుంచి పైకి, మసక దీపాల్లా వెలుగుతున్నాయి.

“ఏముంది?” అంది.

“ఏం లేదు” అన్నాను.

“అబద్ధం. నా వెలుగుకి నీ వెనక గోడమీద నీ నీడ పడింది” అంది తల తిప్పి చూసి.

పట్నం తీసుకెళ్ళాను. డాక్టర్ నిరుపమ చూసి పక్కకి తిరిగింది. తర్వాత ఒక్కటే ప్రశ్న వేసింది. “వారం రోజులు ఏం చేశారమ్మా?”

“ఊడ్పులకెళ్ళామండి.”

“పొలంలో దిగారా! నేను చెప్పానుగా!”

“మోకాలు మడవొద్దన్నారండి. మడవలేదు.” మావుళ్ళమ్మ గదిలోనే నిలబడి, నడుం వంచి, వెనక్కి అడుగులు వేస్తూ చేతితో నేలని గుచ్చి చూపించింది. నున్నటి గచ్చు మీద ఊడ్చింది. కాళ్ళు కర్రల్లా ఉన్నాయి. డాక్టరు ఆ కాళ్ళవైపు చూస్తూ ఉండిపోయింది. ఆమెకి అప్పుడు అర్థమైంది. అర్థమైందని నాకు తెలుసు. అందుకే ఆమె మీద నా కోపం ఎక్కువ.

అక్కడే చీకటిగదిలో ఉంచారు. మందు ఎంతవరకు పోయిందో, ఆగిందో లేదో చూడాలన్నారు. రోజూ పొద్దున్నే యంత్రం తెచ్చేవారు. యంత్రం సరిగ్గా చూస్తోందో లేదో తెలుసుకోవడానికి ముందు పళ్ళెంలో ఉన్న మేక కీలు మీద దీపం వేసేవారు. అది శిబిరంలో గీత గీసిన కీలే; చెడిపోకుండా మందునీళ్ళలో దాచారు. దాని తర్వాత మావుళ్ళమ్మ మీద వేసేవారు. పాదం నుంచి మెడ దాకా దీపం నెమ్మదిగా జరిపేవారు. గోడ మీద తెరలో రంగుల చారలు లేచేవి. ముందు రోజుకంటే చారలు పెద్దవయ్యేవి.

“ఆ దీపం ఏసినప్పుడల్లా లోపల చీమలు పాకినట్టుంటందండి” అంది మావుళ్ళమ్మ.

“కొంచెం వెచ్చగా ఉంటుందమ్మా, అంతే” అన్నారు.

వెన్ను మీద నుంచి వెలుగు ముందుకి తిరిగింది. రొమ్ము ఎముకకి రెండు పక్కలా, డొక్కలు అతుక్కునేచోట వచ్చింది. దీర్ఘంగా ఊపిరి తీస్తే చిన్న చప్పుడు అయ్యేది, ఎండు ఈనె విరిగినట్టు. ఆమె ఊపిరి చిన్నదిగా తీయడం నేర్చుకుంది. నాతో మాటలు కూడా ముక్కలుగా మాట్లాడేది.

“చేలు... పచ్చబడ్డాయా?”

“పడ్డాయి.”

“వరాలు... కేకేస్తందా?”

“వేస్తోంది. నీలా లేదు.”

ఆ మాటకి కొంచెం నవ్వింది. చీకట్లో ఆమె మొహం కనిపించలేదు. నవ్వినప్పుడు డొక్కల దగ్గరి వెలుగు కదిలింది. దాన్ని బట్టి తెలిసింది. నా భార్య నవ్విందో లేదో ఎముకల వెలుగు చూసి తెలుసుకునే రోజు వచ్చింది నాకు.

ఒక పొద్దున యంత్రం గది గుమ్మం దాకా తెచ్చారు. డాక్టరు మేక కీలు పళ్ళెంలోకి తీస్తుంటే వేలు జారింది. తెల్లపొర మీద వేలిగుంట పడింది. ఆమె మళ్ళీ వేలితో తాకింది. పొర జున్నులా విడిపోయి వేలికి అంటుకొచ్చింది. శిబిరం రోజున ముంజెలా గట్టిగా ఉన్న పొర అది.

ఆమె పరుగున వెళ్ళి బీరువా తెరిచింది. దానికి జత కీలు అందులో ఉంది. దానిమీదా గీత గీసి, మందు వేసి ఉంచారు. కాని దానిమీద ఎప్పుడూ దీపం వేయలేదు. దాన్ని వేలితో నొక్కింది. గట్టిగా ఉంది. గోటితో నొక్కింది. గట్టిగానే ఉంది.

రెండు కీళ్ళూ రెండు చేతుల్లో పట్టుకుని నిలబడిపోయింది.

“ఏమిటండి?” అన్నాను.

“మందు తెగినచోట కూర్చుంటుంది” అంది. నాతో అన్నట్టు లేదు. “వెలుతురు పడితే పక్క పోగుని తెంపుతోంది. తెంపి అక్కడ కూర్చుంటోంది. మళ్ళీ వెలుతురు పడితే...”

“రోజూ వేశారు కదా.”

ఆమె కీళ్ళు రెండూ పళ్ళెంలో పెట్టింది.

“ఆగిందో లేదో చూడ్డానికి రోజూ వేశారు కదా!”

“ఆపేస్తాం. ఇప్పుడే ఆపేస్తాం” అంది.

“ఎండ సంగతి?”

ఆమె కిటికీవైపు తిరిగింది. “ఎండలోనూ ఆ వెలుతురు ఉంటుంది. ఇంత ఉండదు. కాని ఉంటుంది.”

ఊళ్ళో చేలల్లో ఎండ కాస్తోంది. ముఠా అంతా ఎండలో ఉంది.

ఆ రోజే మా ఊరికి కబురు పంపించింది, నల్లబట్టల మూటలు పంపించింది, కాళ్ళకి చుట్టుకోమని, ఎండలోకి వెళ్ళొద్దని. ఎండలోకి వెళ్ళకపోతే తిండి ఎవరు పెడతారో ఆ మూటల్లో లేదు.

నేను గదిలోకి వెళ్ళాను. తలుపు వేశాను. మావుళ్ళమ్మ అటు తిరిగి పడుకుని ఉంది. నా అలికిడికి ఇటు తిరిగింది. గొంతు దగ్గర కొత్తగా వెలుగు కనిపించింది. కంఠమణి చుట్టూ, దాని కిందికి, ఉంగరాలు పేర్చినట్టు ఉంది. ఊపిరి పీల్చినప్పుడల్లా ఆ ఉంగరాలు లోపలికి నొక్కుకుంటున్నాయి. గొంతు గొట్టం కూడా గుజ్జుతోనే నిలబడుతుందని నాకు అంతకుముందు తెలియదు.

“ఇంటికి... పోదామయ్యా” అంది. గొంతులో గాలి తప్ప శబ్దం లేదు. కాలవ దాటి వినిపించిన గొంతు అది.

డాక్టరు వద్దంది. గొంతులోకి గొట్టం వేద్దామంది. లోపలికి చూస్తూ వేయాలి కదా, దేంతో చూస్తారని అడిగాను. దీపంతో అని చెప్పలేక తల దించుకుంది. ఏడ్చింది. ఏడుపు ఎవరికైనా వస్తుంది.

మూసిన వ్యానులో, నల్లదుప్పటి కప్పి ఇంటికి తెచ్చుకున్నాను. కిటికీలకి గోనెలు కొట్టాను. పెంకుల సందుల్లో బట్టలు కుక్కాను. తలుపు కింద తడిమట్టి పెట్టాను. ఎంత చీకటి చేస్తే అంత బాగా కనిపించేది ఆమె. ప్రతి కీలూ, ప్రతి పూసా కనిపించేవి. వెలుతురు ఇస్తే అది తొలుస్తుంది. చీకటి ఇస్తే తొలిచినదంతా చూపిస్తుంది. ఆ రెండింటి మధ్య ఆమె పక్కన కూర్చున్నాను. కళ్ళు మూసుకోవడానికి భయం వేసేది. తెరవడానికీ భయం వేసేది.

వరాలు రోజూ వచ్చి తలుపు అవతల నిలబడేది. తలుపు తీయకూడదని తెలుసు. అవతల నుంచే చెప్పేది. “అక్కా, తూరుపు చేను రెండో కలుపు అయిపోయిందే.” “అక్కా, బుచ్చిబాబు చేనుకి తెగులొచ్చిందే, మంచి పనైంది.” మావుళ్ళమ్మకి జవాబు చెప్పే గొంతు లేదు. వేలితో నా చెయ్యి మీద రెండుసార్లు తట్టేది. నేను తలుపు మీద రెండుసార్లు తట్టేవాణ్ణి. వరాలు వెళ్ళిపోయేది.

వరి పొట్ట మీద ఉండి, కంకి వేయబోతున్న రోజులు. పొద్దెక్కింది. గోనెల అవతల చేలమీద గాలి వినిపిస్తోంది. పొట్ట మీద ఉన్న వరి చప్పుడు వేరుగా ఉంటుంది, పట్టుచీర కదిలినట్టు. మావుళ్ళమ్మ విన్నది. నా చెయ్యి పట్టుకుంది. పెదాలు కదిపింది. శబ్దం రాలేదు. నాకు తెలిసింది.

తలుపు తియ్యి అంటోంది.

తల అడ్డంగా ఊపాను. చీకట్లో నేను తల ఊపింది ఆమెకి కనిపించదు. ఆమె నాకు కనిపిస్తోంది. మళ్ళీ పెదాలు కదిపింది. గొంతు దగ్గరి ఉంగరాలు ఒకదాని మీదికి ఒకటి వాలుతున్నాయి.

తీశాను. ఆమె అడిగింది కాబట్టి తీశాను. దానికి నన్ను ఎవరూ నిలదీయక్కర్లేదు.

ఎండ గడప దాటి మంచం దాకా వచ్చింది. వెలుతురు పడగానే ఆకుపచ్చ అంతా మాయమైంది. మామూలు మనిషి. నల్లటి చెయ్యి, వెండి కడియం, నెరిసిన జుట్టు. ఎన్నాళ్ళకో నా భార్య మొహం చూశాను. ఆమె చేలవైపు చూసింది. దూరంగా గట్టు మీద వరాలు నిలబడి ఉంది. తలుపు తెరిచి ఉండడం చూసి, ఏం జరుగుతోందో దానికి తెలిసిపోయింది. పరిగెత్తి రాలేదు. అక్కడే నిలబడి, ముఠాని కదిలించే కేక వేసింది.

మావుళ్ళమ్మ గొంతు కదిలింది. జవాబు కేక లోపలే ఉండిపోయింది. ఊపిరి మళ్ళీ తీయలేదు.

తర్వాత విచారణ జరిగింది. పెద్ద డాక్టర్లు కూర్చున్నారు. జాగ్రత్తలు పాటించకుండా పొలం పనికి వెళ్ళినందువల్ల అని తేల్చారు. నడుం వంగొచ్చని, నడవొచ్చని తనే చెప్పినట్టు డాక్టర్ నిరుపమ వాళ్ళ ముందు ఒప్పుకుందట. వాళ్ళు రాసుకోలేదట. ఆ సంగతి నాతో చెప్పడానికి మా ఇంటికి వచ్చింది. చెప్పులు గుమ్మం దగ్గర విప్పింది.

“చెప్పులు తొడుక్కో” అన్నాను.

“బాబాయ్ గారూ, మిగతావాళ్ళకి విరుగుడు వెతుకుతున్నాను. ఎవరి మీదా దీపం వేయకుండా వెతకాలి. ఆవిడకి ఎలా పాకిందో, ఏ నొప్పి తర్వాత ఏ నొప్పి వచ్చిందో మీరు పూసగుచ్చినట్టు చెబితే...”

“నీ తెరలో రంగుల చారలున్నాయి కదా. వాటినడుగు.”

ఆమె గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడింది. నేను కూర్చోమనలేదు. వెళ్ళిపోయింది. విరుగుడు దొరికిందని ఇంతవరకు కబురు లేదు. దొరికినా ఆమెని క్షమించను.

ఆమెకి చెప్పనిది ఇక్కడ రాశాను. నా భార్య మాట తప్పలేదని ఒకచోట ఉండాలి. అందుకు రాశాను.

ఇప్పుడు రెండో పంటకి, దాళ్వాకి, ఊడ్పులు నడుస్తున్నాయి. మా ముఠా కాళ్ళకి, నడుముకి నల్లబట్ట చుట్టుకుని ఎండలో ఊడుస్తోంది. కుడికొసన వరాలు ఉంటోంది. నిన్న పని దిగి తిన్నగా మా ఇంటికి వచ్చింది. అరుగు మీద కూర్చోలేదు. కాళ్ళు కర్రల్లా పెట్టి నిలబడింది. వారం గడువు ఎప్పుడో పోయింది, అయినా వాళ్ళెవరూ ఇప్పటికీ మోకాలు మడవరు. మడవకపోతే ఆగుతుందని వాళ్ళ ఆశ.

“బావా, నడుం కాడికొచ్చింది నాకు” అంది.

నేను తూము తాళాలు సర్దుకుంటున్నాను.

“అక్కకి నడుం తర్వాత ఎక్కడికొచ్చింది బావా? ముందు తెలిస్తే కొంచెం గుండె దిటవు చేసుకుంటాను. చెప్పు.”

గొంతు బొంగురుగా ఉంది. పొద్దల్లా కేకలు వేసినందుకే కావచ్చు. అలాగే అనుకున్నాను.

“కాలవలో నీళ్ళు తగ్గాయి, చూసి రావాలి” అని లేచి వెళ్ళిపోయాను.

వరాలుకి చదువు రాదు. ఇది చదివినవాళ్ళెవరూ దానికి చదివి వినిపించొద్దు. నేను చెప్పను. దానికే కాదు, ఎవరడిగినా చెప్పను. ఈ మాట ఇక నా నోటి నుంచి రాదు.